మిర్చి బస్తాకెత్తే ముందు సీసాలో తేమ చూడండి

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో బస్తా మూతి విప్పి, లోపలి నుంచి గుప్పెడు కాయలు తీసి, ఒకదాన్ని చెవి దగ్గర ఆడించి చూస్తారు. గింజ గలగలమంటే ఆరినట్టే లెక్క. రంగు, పొడవు, తాలు (రంగు పోయి చెడిన కాయ) చూసి ధర కట్టడానికి ఆ పరీక్ష చాలు. బూజు పెరిగేంత తేమ లోపల ఉందో లేదో మాత్రం ఆ చప్పుడును బట్టి తెలియదు. ఎండకు పైతోలు పెళుసెక్కినా తొడిమ కింద, గింజలు అంటుకుని ఉండే తెల్లటి గుజ్జులో నీరు చివరిదాకా నిలుస్తుంది. బస్తా కుట్టాక ఆ నీరు మెల్లమెల్లగా కాయంతా పాకుతుంది. కల్లంలో విరిగిన కాయే వారం పది రోజులకు గోదాములో మెత్తగా వంగుతుంది.

ఆ తేమలో పెరిగే బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఒకటి. అది వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి మేతలో కలిపిన పల్లిచెక్కలో ఈ విషం బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మక్కలు తిని వంద మందికి పైగా చనిపోయారు. కాలేయం దెబ్బతిని జరిగిన ఆ చావుల వెనక ఉన్నది అఫ్లటాక్సినేనని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ రావచ్చు. తాలింపు వేడికీ, పచ్చడి కాగబెట్టడానికీ ఇది విరగదు. కారం పట్టిస్తే పోదు సరికదా, నాలుగు చెడ్డ కాయల విషం గిర్నీలో మొత్తం కారానికీ అంటుతుంది.

మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. యూరప్ దేశాలకు పంపే మిర్చిలో అది 10కి మించకూడదు, అందులోనూ బీ1 అనే రకం 5కి మించకూడదు. కిలోకు 5 మైక్రోగ్రాములంటే వెయ్యి టన్నుల మిర్చిలో 5 గ్రాములు. అంత చిన్న హద్దును కంటితో, చేత్తో కాపాడలేం. విషాన్ని కొలవడం ప్రయోగశాల పని. విషం పుట్టే తేమను కొలవడం మాత్రం కల్లంలోనే అవుతుంది, చాలా చవకగా. విరిచిన కాయలను సీసాలో మూసి, లోపలి గాలిలో తేమ ఎంత శాతానికి చేరిందో మీటరులో చూడడమే ఆ పద్ధతి.

సీసాకు కావలసినవి

వెడల్పు మూతి ఉండి గాలి చొరని ఒకటి రెండు లీటర్ల సీసా. పచ్చడి జాడీ లాంటి ప్లాస్టిక్ డబ్బా అయినా సరే, మూత బిగుతుగా ఉండాలి. గాలిలో తేమనూ వేడినీ చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పొడవైన తీగతో వచ్చేది కాకుండా మొత్తం సీసాలో పట్టేది కొనండి. తీగ దూరిన చోట మూత సరిగా పడదు, అక్కడి నుంచి గాలి పోతుంది. ఇంకా కొంచెం ఉప్పు, ఒక నోటుబుక్కు.

చవక మీటర్లు ఐదు శాతం అటూ ఇటూ తప్పు చూపించడం మామూలే. మన హద్దులు ఐదేసి శాతం తేడాతో ఉంటాయి కనుక ముందు మీటరును సరిచూసుకోవాలి. దానికి ఉప్పు చాలు. సీసా మూతలాంటి చిన్న పాత్రలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోయి పైన నీళ్లు తేలితే ఎక్కువైనట్టు, ఇంకొంచెం ఉప్పు వేయండి. దీన్నీ మీటరునూ ఖాళీ సీసాలో పెట్టి, మీటరుకు తడి తగలకుండా చూసి, మూత బిగించి రాత్రంతా నీడలో ఉంచండి. తడి ఉప్పు పైన ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. 20 డిగ్రీలైనా 40 డిగ్రీలైనా దాదాపు అంతే. తెల్లారి మీటరు 71 చూపిస్తే అది 4 తక్కువ చూపిస్తోందని నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాత చదివే ప్రతి అంకెకూ 4 కలపండి. సీజనులో నెలకోసారి మళ్లీ చూడండి. మిర్చి దుమ్ముకు మీటరు లోపల తేమను పట్టే బిళ్ల పాడవొచ్చు.

కొలిచే తీరు

కల్లం మీద ఒక్కచోటి కాయలు తీసుకుంటే పరీక్షే దండగ. అంచుల్లో ఉన్నవి ముందు ఆరతాయి, పొర అడుగున ఉన్నవి వెనకబడతాయి. కల్లం ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ ఐదారు అడుగులకోసారి పొర అడుగు నుంచి ఒక గుప్పెడు తీయండి. రెండు మూడు కిలోలు పోగయ్యాక బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి తక్కినవి కల్లంలో వేసేయండి. అర కిలో మిగిలేదాకా ఇట్లాగే తగ్గించండి.

తీసిన కాయలను ముందు నీడలో అరగంట చల్లారనివ్వాలి. మధ్యాహ్నం ఎండలోంచి తీసిన వేడి కాయలను అట్లాగే మూసేస్తే సీసా గోడలకు చెమట పట్టి అంకె తప్పుతుంది. చల్లారాక కాయలను రెండు మూడు ముక్కలుగా విరవండి. తొడిమలు తీసేయొద్దు, అసలు తేమ దాక్కునేది అక్కడే. సీసాలో ముప్పాతిక వంతు నింపి, మీటరు పైన పెట్టి, మూత బిగించి నీడలో ఉంచండి. మూడు గంటల తర్వాత ఒకసారి, అరగంటకు ఇంకోసారి చూడండి. రెండు అంకెలూ ఒకటే అయితే అదే మీ లెక్క. ఇంకా ఎక్కుతుంటే ఆగండి. విరవకుండా నిండు కాయలే వేస్తే రాత్రంతా పడుతుంది. సగానికి తక్కువ నింపితే సీసాలో గాలి ఎక్కువై, అంకె నిలబడడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, తొందరపడి చూస్తే అసలు కంటే తక్కువ అంకె వస్తుంది. ఆరిపోయిందని మనల్ని మోసం చేసే పొరపాటు ఇదే.

సవరించిన అంకె 60కి దిగువన ఉంటే బస్తాకెత్తొచ్చు, నిల్వకూ ఫర్వాలేదు. 60 నుంచి 65 మధ్య ఉంటే వెంటనే అమ్మే సరుకుకు చాలు, కోల్డ్ స్టోరేజీకి పంపేదైతే ఇంకో మంచి ఎండ పడాలి. 65 నుంచి 70 అంటే కుట్టొద్దు. 70 దాటితే మళ్లీ పలచగా పరవాల్సిందే. ఫ్లేవస్ పెరగడానికి 80 దగ్గర కావాలి కదా, 65కే ఎందుకు ఆగాలి అనే అనుమానం రావచ్చు. తక్కువ తేమలో బతికే వేరే బూజులు 65, 70 దగ్గరే మొదలవుతాయి. అవి పెరుగుతూ నీటిని పుట్టిస్తాయి, బస్తా మధ్యలో వేడి పుట్టిస్తాయి. ఆ నీటితో తేమ 80కి ఎక్కాక ఫ్లేవస్ దిగుతుంది. మన ఎండల్లో గోదాము వేడి 28 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండే రోజులే ఎక్కువ, దానికి సరిగ్గా అదే ఇష్టమైన వేడి.

వ్యాపారులు అడిగేది బరువులో తేమ శాతం, సాధారణంగా 10, 11. సీసా చూపించేది అది కాదు. ఒకే 11 శాతం తేమలో కూడా తేజా రకానికీ చపాటా రకానికీ సీసా అంకె కొంచెం వేరుగా రావచ్చు. బూజుకు సంబంధించినంత వరకు సీసా అంకే నమ్మదగింది, ఎందుకంటే బూజు వాడుకోగలిగిన నీరు ఎంతో అదే చూపిస్తుంది. బరువు శాతం కచ్చితంగా కావాలంటే ప్రయోగశాలలో నీటితో కలవని ద్రవమైన టోలుయిన్‌తో మరిగించి నీటిని వేరుచేసి కొలుస్తారు. మామూలు ఓవెన్‌లో నీటితోపాటు వాసన నూనెలు కూడా ఎగిరిపోయి తేమ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

60కి తేవడం ఎట్లా

మన దగ్గర కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా నడుస్తాయి. చెట్టు మీద బాగా పండి కొంచెం వాడిన కాయ కోస్తే సగం పని చెట్టే చేసిపెడుతుంది. నిగనిగలాడే ఎర్రకాయలో 75 శాతం దాకా నీరే ఉంటుంది. అట్లాంటి 100 కిలోల్లో అసలు సరుకు 25 కిలోలే, 10 శాతం తేమకు ఆరితే 28 కిలోలకు కాస్త తక్కువ తేలుతుంది. అంటే 72 కిలోల నీరు గాలిలోకి పోవాలి. పొర మందం, తిరగేయడం గురించి అంత పట్టుబట్టేది అందుకే.

కోసిన రోజే మూడు కుప్పలు చేయండి. నిక్కమైన కాయ ఒకటి. తెల్ల మచ్చలు, కుళ్లు, పురుగు తొలిచిన కాయ రెండోది. నేల మీద రాలినవి మూడోది. ఫ్లేవస్ మట్టిలో ఉంటుంది, పురుగు చేసిన రంధ్రంలోంచి లోపలికి పోతుంది. కాబట్టి రెండో, మూడో కుప్పల్లో విషం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆరాక తాలు ఏరుదాంలే అంటే, ఆ వారం రోజులూ మంచి కాయ పక్కనే అది ఎండుతుంది. తాలును వేరే అమ్ముకోవచ్చు. ఇంట్లో కారానికి మాత్రం వాడకండి, చాలా ఇళ్లలో జరిగేది అదే.

ఉత్త మట్టి మీద పోయొద్దు. సిమెంటు కల్లం మంచిది, లేకపోతే మందపాటి తాడిపత్రి. తాడిపత్రి మీద అడుగు పొరకు గాలి ఆడదు కనుక రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయాలి. పొర రెండు మూడు అంగుళాలు దాటితే అడుగు కాయ ఉడుకుతుంది, రంగు నల్లబడుతుంది. నేలకు జానెడు ఎత్తులో వల మంచెలు వేసుకోగలిగితే కింద నుంచి కూడా గాలి పోయి తిరగేసే పని సగం తగ్గుతుంది.

ఎక్కువ సరుకు పాడయ్యేది రాత్రుళ్లే. పొద్దు వాలక ముందే, కాయ ఇంకా వేడిగా ఉండగానే కుప్ప చేసి ప్లాస్టిక్ కప్పేస్తారు. లోపలి ఆవిరి ప్లాస్టిక్‌కు తగిలి చల్లబడి, నీళ్లయి, పై కాయల మీద పడుతుంది. తెల్లారి పై పొర తడిగా ఉంటే మంచు అనుకుంటారు, నిజానికి అది పగలు మనం ఆరబెట్టిన నీరే. కుప్పను కాసేపు చల్లారనిచ్చి, ముందు గోనె పట్టాలు కప్పి, వాటి మీద తాడిపత్రి వేసి, కింద ఒక వైపు అంచు వదిలేయండి. వాన వచ్చేటట్టుంటే అంచులు బిగించక తప్పదు, వాన వెలిసిన వెంటనే తీయండి. ఫిబ్రవరి, మార్చి అకాల వానలకు తడిసిన కుప్పను ఎట్టి పరిస్థితుల్లో పాతదానితో కలపొద్దు. పలచగా పరిచి వేరే ఆరబెట్టి, వేరే గుర్తు వేసి, వేరే సీసాతో కొలవండి.

చపాటా కాయ సంగతి వేరు. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ వరంగల్ రకం పొట్టిగా, టమాటాలా గుండ్రంగా, మందపాటి కండతో ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. కొనేవాళ్లు ఆ రంగుకే ధర పెడతారు. సన్నటి తేజా ఆరిన రోజుకే ఇదీ ఆరిందనుకుంటే దెబ్బతింటారు. రెండూ పక్కపక్కన ఎండబెట్టినా సీసా విడివిడిగా పెట్టాలి.

తోలు మీది మైనపు పొరే నీటిని ఆపుతుంది. దాన్ని పలచన చేయడానికి మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ ఒక ముంచుడు మందు తయారుచేసింది, పేరు డిప్‌సోల్. 100 లీటర్ల నీటికి పొటాషియం కార్బొనేట్ రెండున్నర కిలోలు, శుద్ధి చేసిన పల్లినూనె ఒక కిలో, తుమ్మ జిగురు 100 గ్రాములు, నూనె చెడిపోకుండా ఆపే బీహెచ్‌ఏ 1 గ్రాము. పండుకాయను ఇందులో ఐదు నిమిషాలు ముంచి, వడకట్టి పరిస్తే రెండు వారాలు పట్టే ఆరుదల వారం దగ్గరికి వస్తుంది. పద్ధతి నికార్సైనదే. కానీ వందల బస్తాలు పండించే రైతుకు కాయనంతా ముంచి తీసే కూలి తడిసి మోపెడవుతుంది, పైగా సేంద్రియ సరుకుగా అమ్మేవాళ్లకు ఇది కుదరదు. కొద్దిపాటి చపాటా, మంచి కొనుగోలుదారు ముందే ఖాయమై ఉంటే చేయండి, కాకపోతే ఆ ఖర్చు మంచెల మీద పెట్టడమే మేలు.

రైతు ఉత్పత్తిదారుల సంఘం లాంటిదేదైనా ఉంటే పాలిథిన్ కప్పు సౌర డ్రయ్యరు ఇంకా మంచి మార్గం. ఎండను తట్టుకునే 200 మైక్రాన్ల షీటు, లోపల వల అరలు, ఒక చివర గాలి వచ్చే కిటికీ, రెండో చివర లాగే ఫ్యాను ఉంటే చాలు. 30 డిగ్రీల వేడిలో 60 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే దాని తేమ 20 దగ్గరికి పడిపోతుంది. కాయలోంచి నీటిని లాగేది ఆ పొడి గాలే. చదరపు మీటరుకు పండుకాయ ఐదారు కిలోలకు మించి వేయొద్దు. వేడి 50, 55 మధ్య ఉంచండి. 60 డిగ్రీలు దాటితే రంగు మాడుతుంది, ఎరుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది. మొదటి రెండు రోజులు ఫ్యాను ఆపకూడదు. ఆ రోజుల్లో కాయ నీరంతా లోపలి గాలిలోకి వస్తుంది, దాన్ని బయటికి తోయకపోతే లోపల వేడిగా, తడిగా, బూజుకు కావలసినట్టే తయారవుతుంది. సాయంత్రం ఆవిరి పూర్తిగా పోయాకే కిటికీ మూయండి. లేకపోతే తెల్లవారుజామున షీటు లోపలి వైపు నుంచి బొట్లు బొట్లుగా కాయ మీద కారుతుంది.

నీళ్లు చల్లే అలవాటు

సీసా అంకె 60 కిందికి వచ్చిన కాయను కూడా చివరి గంటలో చెడగొట్టే పని ఒకటుంది. బాగా ఆరిన కాయ బస్తాలో తొక్కితే విరిగి గింజ రాలుతుంది. మెత్తబడాలని బస్తాకెత్తే ముందు నీళ్లు చల్లుతారు. బరువు కూడా కలిసొస్తుందని లోపల ఆశ. లెక్క చూడండి: 10 శాతం తేమ ఉన్న క్వింటాలు మిర్చిని 14 శాతానికి తెస్తే పెరిగేది నాలుగున్నర కిలోల పైచిలుకు. ఆ నాలుగున్నర కిలోల నీరు కాయలన్నిటికీ సమానంగా పట్టదు. కొన్ని కాయల తొడిమల దగ్గర నిలిచిపోయి బస్తా నడుమ తడి ముద్దలవుతాయి. ప్రయోగశాలలో అకస్మాత్తుగా పెద్ద అంకెలు వచ్చే బస్తాల్లో ఈ ముద్దలుంటాయి.

నీళ్లు లేకుండా మెత్తబరిచే మార్గం ఉంది. సాయంత్రం సీసాలో 55 దాకా ఉన్న కాయను కల్లంలోనే పలచగా వదిలి, పైన మంచు పడకుండా గోనె పట్టా కప్పి, తెల్లవారుజామున గాలి తేమగా ఉన్నప్పుడు ఎత్తండి. తోలు కొంచెం సాగుతుంది, విరగదు. ఎత్తే ముందు ఒక సీసా నింపి పెట్టండి, బస్తాలు కుట్టేలోపు అంకె తెలుస్తుంది. 60 దాటితే నిల్వకు పెట్టే బస్తాల కుట్టు ఆపండి.

బస్తా పొడి గోనెదై ఉండాలి, ఎరువుల సంచి కాకూడదు. కింద చెక్కలు వేసి, గోడకు అడుగు దూరంగా పేర్చండి. ఒక్కో రోజు సరుకుకు ఒక్కో గుర్తు వేసి, నోటుబుక్కులో తేదీ, పొలం, రకం, సీసా అంకె, తడిసిందా లేదా రాసుకోండి. ఎగుమతిదారు తిప్పి పంపితే మొత్తం సరుకు కాకుండా ఏ గుర్తు బస్తాలో తేల్చుకోవడానికి ఇదే ఆధారం.

ప్రయోగశాలకు పంపేటప్పుడు

విషం కాయలన్నిటిలో సమానంగా ఉండదు. వెయ్యి కాయల్లో ఒక్కటి చెడినా మొత్తం సగటును హద్దు దాటించగలదు, ఆ ఒక్కటీ మన చేతికి రాకపోతే సరుకు శుభ్రంగా ఉన్నట్టు కాగితం వస్తుంది. ఫలితాల్లో తేడాలు వస్తే ఎక్కువసార్లు తప్పు యంత్రానిది కాదు, నమూనా తీసిన తీరుది. పది బస్తాలుంటే పదింటిలోంచీ తీయండి. ఎక్కువ ఉంటే వరస తప్పకుండా, పేర్పులో అడుగు, నడుమ, పైన నుంచి తీయండి. ఒక్కో చోట కనీసం 100 గ్రాముల చొప్పున మొత్తం రెండు మూడు కిలోలన్నా కావాలి. బాగున్న కాయలు ఏరి పంపితే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. ఆ రెండు మూడు కిలోలనూ మొత్తంగా పొడి చేసి, కలిపి, అందులోంచి పరీక్షకు తీయమని అడగండి. పావు కిలో కాయ పొడి చేసి చూస్తే సరిపోదు. మరీ తడిగా ఉన్న నమూనాను ప్లాస్టిక్ కవరులో మూసి పంపితే దారిలోనే బూజు పెరుగుతుంది, గుడ్డ సంచిలో పంపండి.

త్వరగా తేల్చుకోవడానికి, రంగు మార్పును బట్టి విషాన్ని పట్టే ఎలైసా కిట్లు ఉన్నాయి. పటాన్‌చెరు వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లీల కోసం ఇట్లాంటి చవక పరీక్షను రూపొందించింది. కొనుగోలుదారు ఒప్పుకునే కాగితం కావాలంటే, ప్రయోగశాలల ప్రమాణాలు చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయించాలి. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులో ఉంది. నీలి దీపం (అతినీలలోహిత కాంతి) కింద ఆకుపచ్చగా మెరిస్తే విషం ఉన్నట్టే అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. మక్కల్లో అనుమానపు గింజలు ఏరడానికి ఆ పద్ధతి కొంత పనికొస్తుంది, మిర్చి మీద రుజువు కాదు.

కోల్డ్ స్టోరేజీలో 4 నుంచి 8 డిగ్రీల మధ్య రంగు నిలుస్తుంది, బూజు నిద్రపోతుంది. అప్పటికే పుట్టిన విషం మాత్రం అట్లాగే ఉంటుంది, చల్లదనం దాన్ని తగ్గించదు. పెట్టేటప్పటికంటే తీసేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. జూన్, జులైలో 6 డిగ్రీల బస్తాను బయటి వేడి, తేమ గాలిలోకి తెచ్చి వెంటనే మూతి విప్పితే కాయల మీద నీటి బిందువులు కడతాయి. విప్పకుండా, తాడిపత్రి చుట్టి, నీడలో ఒక రోజు వదిలేస్తే ఆ నీరు తాడిపత్రి మీదే నిలుస్తుంది. బస్తా నడుమకు చెయ్యి పెట్టి చూసి, చల్లదనం పోయాకే విప్పండి. లారీకి ఎత్తే ముందు మళ్లీ ఒక సీసా నింపండి. అంకె కల్లంలో రాసుకున్నదానికంటే ఐదు దాటి పెరిగి ఉంటే ఆ గుర్తు బస్తాలు లారీ ఎక్కకూడదు, ఆ రోజే పలచగా పరిచి ఆరబెట్టాలి.